పాత ఫ్రెంచ్ సైకిల్‌కి అరిగిన గేర్ భాగాలు బాగుచేయడం, మార్చడం: మొదటి నుంచి చివరి దాకా

ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఒక ఆదివారం పాత సామాన్ల సంతలో నాకు ప్యూజో యూఓ-8 సైకిల్ దొరికింది. 1970ల నాటిది. ముందు రెండు పళ్ళ చక్రాలు, వెనక ఐదు, కలిపి పది గేర్లు. రంగు పెద్దగా పోలేదు, చక్రాలు వంకర లేకుండా తిరుగుతున్నాయి. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం గేరు దానంతటదే జారిపోయి చైన్ చిన్న పళ్ళ చక్రం మీదకి దిగేది, కాళ్ళు బిగుసుకుపోయేవి. వెనక డెరెయిలర్, అంటే చైన్‌ని ఒక చక్రం మీద నుంచి ఇంకోదాని మీదకి తోసే పరికరం, పాడైందనుకుని మొదట దాన్నే మార్చేశాను. తప్పు లివర్ స్క్రూలో ఉందని తర్వాత తెలిసింది. చేత్తో పావు చుట్టు బిగిస్తే పోయేదానికి కొత్త డెరెయిలర్ కొన్నాను.

అందుకే ఈ మార్గదర్శి డబ్బు ఖర్చు కాని పనితో మొదలవుతుంది. లివర్, ఆ తర్వాత వైరు, చైన్, వెనక డెరెయిలర్, ముందు డెరెయిలర్, చివరికి ఫ్రీవీల్, అంటే వెనక ఉండే ఐదు పళ్ళ చక్రాల గుత్తి. మధ్యలో ఎక్కడ సమస్య తీరితే అక్కడ ఆగిపోవచ్చు.

ముందు ఈ సైకిల్ సంగతి

ఆ రోజుల్లో ఫ్రెంచ్ సైకిళ్ళకి గేర్ సామాను ఎక్కువగా రెండు కంపెనీల నుంచి వచ్చేది: సింప్లెక్స్, యురే. సింప్లెక్స్ దీజోన్ నగరంలో లూసియాన్ జ్వీ పెట్టిన కంపెనీ. 1960ల మొదట్లో వాళ్ళు ప్రెస్టీజ్ పేరుతో డెల్రిన్ అనే ప్లాస్టిక్‌తో డెరెయిలర్లు తెచ్చారు. డెల్రిన్ అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ తయారు చేసిన గట్టి ప్లాస్టిక్. తేలిక, తుప్పు పట్టదు, చవక. ప్యూజో, ఇంకా చాలా కంపెనీలు దాన్నే బిగించాయి. కొత్తలో అది బాగానే పనిచేసింది. యాభై ఏళ్ళ ఎండ, బిగింపు, ఊపు తిన్నాక ఆ ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, సందుల్లో పగుళ్ళు వస్తాయి. యురే వాళ్ళ ఆల్విట్ రకం ఉక్కుది. అది పగలదు కానీ కీళ్ళు వదులైపోతాయి.

ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఫ్రెంచ్ సైకిల్‌కి కొలతలు వేరు. ఇంగ్లిష్ సైకిల్‌లో సీటు కింద గొట్టం 28.6 మి.మీ. ఉంటే ఫ్రెంచ్ దాంట్లో 28 మి.మీ. ఫ్రీవీల్ ఎక్కే మర వేరు, పెడల్ మర వేరు, హ్యాండిల్ గొట్టం లావు వేరు. తేడా వెంట్రుకవాసి అయినా పరాయి సామాను సరిగ్గా కూర్చోదు, బలవంతంగా బిగిస్తే ఫ్రేమ్‌కే నష్టం. అందుకని మిల్లీమీటరులో చిన్న భాగాలు కూడా కొలిచే వెర్నియర్ కాలిపర్ ఒకటి కొనండి. ఈ పని మొత్తంలో అంత విలువైన పనిముట్టు ఇంకోటి లేదు.

మిగతావి: 8, 9, 10 మి.మీ. పానాలు (9 తప్పకుండా కావాలి, ఫ్రెంచ్ సామానులో అది తరచు వస్తుంది), 5, 6 మి.మీ. అలెన్ కీలు, చపటా స్క్రూ డ్రైవర్, పదునైన వైరు కట్టర్, చైన్ పిన్ను తీసే పనిముట్టు, సన్న ఆకురాయి, ఎమెరీ పేపర్, గ్రీజు, సన్నటి నూనె, పాత టూత్‌బ్రష్, తెల్ల గుడ్డ. వెనక చక్రం గాల్లో ఉండి తిరిగేలా సైకిల్‌ని వేలాడదీసే ఏర్పాటు ఉండాలి. స్టాండు లేకపోతే పైకప్పు కొక్కేనికి తాడు కట్టి సీటు దగ్గర వేలాడదీయండి, అదీ చాలు.

1. లివర్

ఈ సైకిళ్ళలో గేర్ లివర్లు ఎక్కువగా కింది గొట్టం మీద, మోకాళ్ళ దగ్గర ఉంటాయి. ఇప్పటి గేర్ సైకిళ్ళలాగా టక్కుమని ఒక మెట్టు పడదు. లివర్‌ని ఎంత జరిపితే అంత జరుగుతుంది, రాపిడి వల్ల అక్కడే నిలబడాలి. వెనక డెరెయిలర్ స్ప్రింగ్ ఎప్పుడూ ఆ వైరుని వెనక్కి లాగుతూనే ఉంటుంది. రాపిడి తగ్గితే లివర్ తానే ముందుకి జారుతుంది, చైన్ చిన్న చక్రం మీదకి దిగుతుంది. నా సైకిల్‌లో జరిగింది అదే.

మొదట లివర్ పక్కన ఉన్న స్క్రూని గానీ రెక్క నట్టుని గానీ కొద్దిగా బిగించి బండి తొక్కి చూడండి. లివర్ కదలడానికి వేలితో కాస్త బలం పెట్టాలి, అంతేగానీ మొరాయించకూడదు. స్టాండు మీద నిలబడ్డ లివర్ గతుకుల రోడ్డు మీద జారిపోవచ్చు కాబట్టి పరీక్ష రోడ్డు మీదే చేయాలి.

బిగించినా జారుతుంటే లివర్ విప్పండి. విప్పేటప్పుడు తెల్ల గుడ్డ పరిచి, ఒక్కో భాగం వచ్చిన వరసలోనే, వచ్చిన వైపే పైకి ఉండేలా పేర్చండి. నా లివర్ లోపల స్క్రూ, మూత, రేకు వాషర్, ప్లాస్టిక్ వాషర్, లివర్, మళ్ళీ ఇంకో వాషర్ ఉన్నాయి. ఒక రేకు వాషర్‌కి లోపల చిన్న చపటా అంచు ఉంది. గొట్టానికి ఉన్న దిమ్మె మీద ఆ చపటా అంచు సరిగ్గా కూర్చోవాలి, అప్పుడే లివర్ తిరిగినప్పుడు స్క్రూ కూడా కలిసి తిరగకుండా ఉంటుంది. అది తిరగబడి పెడితే ఎంత బిగించినా నాలుగు కిలోమీటర్లకి వదులైపోతుంది. ఫోన్‌తో ఫోటో తీసుకోవడం మర్చిపోవద్దు.

వాషర్లని స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టండి. పాత నూనె గట్టిపడి అద్దంలా మెరుస్తుంటే సన్న ఎమెరీ పేపర్ మీద నాలుగుసార్లు గుండ్రంగా రుద్దండి. రాపిడి వాషర్ల మీద నూనె గానీ గ్రీజు గానీ వేయకండి, ఈ లివర్ పని చేసేది రాపిడితోనే. సింప్లెక్స్ వాళ్ళ లివర్లలోనే లోపల స్ప్రింగ్ చుట్టి ఉండే మంచి రకం ఒకటి ఉంది. ఒక వైపు తేలిగ్గా, ఇంకో వైపు బిగువుగా కదులుతుంది. మీది అదైతే బాగా పనిచేస్తున్నంత కాలం లోపలికి వెళ్ళకండి.

లివర్ పగిలిపోతే, పట్టీతో బిగించే, జపాన్ కంపెనీ సన్‌టూర్ వాళ్ళ పాత లివర్లు మంచి ప్రత్యామ్నాయం. లోపల చిన్న పళ్ళు ఉండి టిక్ టిక్ మంటూ పట్టు నిలుపుతాయి. వాటి పట్టీ 28.6 కొలతకి ఉంటే ముందు డెరెయిలర్ దగ్గర చెప్పబోయే రేకు చిట్కా ఇక్కడా వాడుకోవచ్చు.

2. వైరు, దాని తొడుగు

గేరు ఒక వైపు బాగా పడి, తిరిగి వచ్చేటప్పుడు ఆలస్యమవుతుంటే ఎక్కువసార్లు తప్పు వైరుదే. తుప్పు పట్టిన వైరుకి నూనె పోసి కాలం గడపడం కన్నా కొత్తది వేయడం నయం. 1.2 మి.మీ. స్టెయిన్‌లెస్ వైరు తీసుకోండి.

ఒక చిక్కుంది. వైరు చివర ఉండే లోహపు గుండు పాత ఫ్రెంచ్ లివర్ల గుంటకి ఇప్పటి వైరులో కాస్త పెద్దదిగా ఉండొచ్చు. గుంటలో పెట్టి చూడండి. పట్టకపోతే గుండుని చేత్తో తిప్పుతూ ఆకురాయితో చుట్టూ సమానంగా అరగదీయండి. లివర్ గుంటని పెద్దది చేయకండి. వైరు వంద రూపాయలకి వస్తుంది, ఆ లివర్ మళ్ళీ దొరకదు. గుండు పూర్తిగా లోపల కూర్చోవాలి. బయటికి పొడుచుకుని ఉంటే లివర్ తిరిగినప్పుడు అక్కడే వైరు పోగులు తెగుతాయి.

కింది గొట్టం పొడుగునా వైరు ఒట్టిదే వెళ్తుంది, పెడల్ ఇరుసు దగ్గర ఒక గాడి మీదుగా వంగి, వెనక చక్రం దగ్గర ఒక్క చిన్న ముక్క తొడుగులోంచి డెరెయిలర్‌కి చేరుతుంది. ఆ ముక్క పొడుగు ముఖ్యం. మరీ పొట్టిగా ఉంటే వంపు బిగుసుకుని వైరు లోపల రుద్దుకుంటుంది, మరీ పొడుగైతే బయటికి పొంగి కాలికి తగులుతుంది. పాతది సరిగ్గా ఉంటే దాన్నే కొలతగా పెట్టి కోయండి. కోసిన చివర నలిగి లోపలి దారి మూసుకుపోతుంది, దాన్ని సూదితో తెరిచి, ఆకురాయితో చదును చేయండి. ఇప్పటి గేర్ తొడుగు వేయొచ్చు. అది మాత్రం బ్రేక్‌కి ఎప్పుడూ వాడకండి, బ్రేక్ బలానికి అది చీలిపోతుంది.

3. చైన్

చైన్ అరిగిందో లేదో ఒక స్కేలుతో తెలిసిపోతుంది. ఒక పిన్ను మధ్య నుంచి 24 లింకుల తర్వాత వచ్చే పిన్ను మధ్య దాకా కొలవండి. కొత్త చైన్‌లో అది సరిగ్గా 12 అంగుళాలు, అంటే 304.8 మి.మీ. 306.3 దాటితే చైన్ మార్చాలి. 307.8 దాకా వెళ్ళిందంటే చైన్‌తో పాటు వెనక పళ్ళు కూడా అరిగి ఉంటాయి, కొత్త చైన్ ఒక్కటే వేస్తే తొక్కేటప్పుడు పళ్ళ మీద నుంచి దూకుతుంది.

ఐదు చక్రాల ఫ్రీవీల్‌కి ఇప్పుడు దొరికే 6, 7, 8 స్పీడ్ చైన్ చక్కగా సరిపోతుంది. పాతకాలపు వెడల్పు చైన్ కన్నా ఇదే తేలిగ్గా ఎక్కుతుంది, నా అనుభవంలో పాత డెరెయిలర్‌కి ఇంతకన్నా పెద్ద మేలు ఇంకోటి లేదు.

పొడుగు ఇలా చూసుకోండి. చైన్‌ని డెరెయిలర్‌లోంచి పోనీకుండా, ముందు పెద్ద చక్రం మీద, వెనక పెద్ద చక్రం మీద నేరుగా చుట్టండి. రెండు చివరలు కలిసే చోటు నుంచి ఇంకో అంగుళం కలిపి అక్కడ తెంపండి. పొరపాటున చైన్ పొట్టిదై ఎవరైనా దాన్ని ముందు, వెనక పెద్ద చక్రాల మీదకి ఒకేసారి వేస్తే డెరెయిలర్ చీలిపోతుంది. ప్లాస్టిక్ దానికైతే ఆ ఒక్కసారి చాలు.

4. వెనక డెరెయిలర్

ఇక్కడ తొందరపడకండి. డెరెయిలర్‌ని సైకిల్ మీద ఉండగానే సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్ళతో, టూత్‌బ్రష్‌తో కడగండి. బ్లీచింగ్ లాంటి క్లోరిన్ ఉన్నవి వాడకండి, డెల్రిన్‌కి క్లోరిన్ పడదు.

ఆరాక టార్చి లైటు పక్క నుంచి వేసి చూడండి. పై బోల్టు ఫ్రేమ్‌లోకి వెళ్ళే చోట, ఆ గుండ్రటి ప్లాస్టిక్ దిమ్మె చుట్టూ చూడాలి. పగులు మొదట వెంట్రుకంత సన్నగా, దుమ్ము పట్టి నల్ల గీతలా కనిపిస్తుంది. గీతా పగులా తెలియకపోతే బొటనవేలితో డెరెయిలర్‌ని మెల్లగా కిందికి నొక్కండి. పగులైతే నోరు తెరుస్తుంది. గీతైతే అలాగే ఉంటుంది.

పగిలిన డెల్రిన్‌ని అతికించడానికి ప్రయత్నించకండి. సూపర్ గ్లూ, ఎపాక్సీ, ఏదీ దానికి అంటుకోదు, ఆ ప్లాస్టిక్ స్వభావమే అది. కాసేపు నిలబడినట్టు ఉన్నా తొక్కేటప్పుడు వదిలేస్తుంది. విరిగిన డెరెయిలర్ వెనక చక్రం పుల్లల్లోకి వెళ్తే మనిషి కింద పడతాడు. పగులు కనపడితే ఆ భాగం ఆయుష్షు అయిపోయినట్టే.

పగుళ్ళు లేకపోతే వదులు చూడండి. డెరెయిలర్ కింద చైన్ చుట్టుకుని వెళ్ళే రెండు చిన్న పళ్ళ చక్రాలే కప్పీలు. లివర్‌ని కదపకుండా, కింది కప్పీ దగ్గర పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. కొంచెం ఆట ఉండటం మామూలే. నా లెక్కలో కప్పీ అటూ ఇటూ కలిపి మూడు, నాలుగు మి.మీ. కన్నా ఎక్కువ కదిలితే కీళ్ళు అరిగినట్టు. అలాంటి దానితో కూడా తొక్కొచ్చు. లివర్‌ని ప్రతిసారీ కాస్త ఎక్కువ జరిపి మళ్ళీ వెనక్కి తేవాలి, అంతే.

ఆ రెండు చిన్న కప్పీల పళ్ళు చూడండి. అరిగితే ముళ్ళలా మొన తేలుతాయి. విప్పి, లోపలి గొట్టాన్ని తుడిచి, చుక్క గ్రీజు పెట్టి తిరిగి వేస్తే సగం చప్పుడు పోతుంది. కొత్తవి కొనేటప్పుడు పళ్ళ లెక్క ఒక్కటే చూసి కొనకండి, బోల్టు లావు, కప్పీ మందం కాలిపర్‌తో కొలిచి అవే కొలతలు అడగండి. పైది, కిందది కలిపేయకుండా విడివిడిగా పెట్టుకోండి.

సింప్లెక్స్ ప్రెస్టీజ్‌లో ఇంకో విశేషం ఉంది. పై కీలు దగ్గరా, కింద కప్పీలని పట్టి ఉంచే పంజరం దగ్గరా, రెండు చోట్లా స్ప్రింగులు ఉంటాయి. ఆ రెండూ ఒకదాన్ని ఒకటి లాగుతూ పై కప్పీని పళ్ళకి దగ్గరగా నిలబెడతాయి. పైది నీరసపడితే డెరెయిలర్ ముందుకి వాలిపోయి, కప్పీ పళ్ళకి దూరమై గేరు బద్ధకంగా పడుతుంది. దీన్ని సరిచేయొచ్చు: ఫ్రేమ్ వెనక వైపు ఉన్న నట్టుని వదులు చేసి, ముందు నుంచి మూత తీసి, అలెన్ కీతో ఇరుసుని స్ప్రింగ్ బిగిసే వైపు కొద్దిగా తిప్పి, అలాగే పట్టుకుని వెనక నట్టు బిగించాలి. ఒకేసారి ఎక్కువ తిప్పకండి. ఆ నట్టుని కూడా బలమంతా పెట్టి బిగించకండి, పగుళ్ళు మొదలయ్యేది ఆ బిగింపు దగ్గరే.

*మార్చాల్సి వస్తే*

ముందు వెనక ఇరుసు కూర్చునే ఉక్కు పలకని చూడండి. రెండు రకాలు ఉంటాయి.

మొదటి రకంలో పలకకి కింద చెవి ఏమీ ఉండదు. డెరెయిలర్ ఒక విడి రేకు పట్టీకి బిగించి, ఆ పట్టీని ఇరుసు నట్టు కింద పెట్టి ఉంటుంది. చవక సైకిళ్ళలో ఎక్కువగా ఇదే. ఇది మీ అదృష్టం. పట్టీతో సహా పాతది తీసి, పట్టీ ఉన్న కొత్త డెరెయిలర్ పెట్టడమే. షిమానో కంపెనీ టూర్నీ డెరెయిలర్లలో అలాంటి పట్టీతో వచ్చే రకం మన దగ్గర కూడా దొరుకుతుంది. పాత సన్‌టూర్ దొరికితే ఇంకా మంచిది. సన్‌టూర్ వాళ్ళు 1964లో డెరెయిలర్‌ని ఏటవాలుగా కదిలేలా చేశారు. చైన్ పెద్ద చక్రం వైపు వెళ్తున్నకొద్దీ కప్పీ కూడా కిందికి దిగుతూ పళ్ళకి ఒకే దూరంలో ఉంటుంది. ఐదు చక్రాల ఫ్రీవీల్ మీద దాని పనితనం చూసి నేను నిజంగా ఆశ్చర్యపోయాను. మీ లివర్ రాపిడి రకం కాబట్టి డెరెయిలర్ ఏ కంపెనీదైనా పని చేస్తుంది.

రెండో రకంలో పలకకే చెవి ఉంటుంది, దానిలో మర లేని రంధ్రం ఉంటుంది. సింప్లెక్స్ బోల్టు దాంట్లోంచి దూరి వెనక నట్టు పట్టుకుంటుంది. ఇప్పటి డెరెయిలర్లకి 10 మి.మీ. లావు, 1 మి.మీ. అడుగుతో (ఒక మర నుంచి పక్క మరకి ఉండే దూరం) మర కావాలి. రంధ్రం 9 మి.మీ. ఉంటే ట్యాప్‌తో, అంటే రంధ్రం లోపల మర కోసే పనిముట్టుతో, మర కోయొచ్చు. నూనె వేస్తూ, సగం చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ, ట్యాప్ పలకకి నిట్టనిలువుగా ఉండేలా చూసుకుంటూ కోయాలి. అది వంకరపోతే డెరెయిలర్ జీవితాంతం వంకరగానే ఉంటుంది. పైగా ఈ చెవికి వెనక వైపు ఆనుకునే మెట్టు ఉండదు, చాలా డెరెయిలర్లకి అది కావాలి, ఆకురాయితో గాడి తీయాల్సి వస్తుంది.

నేనైతే ఆ ఫ్రేమ్‌ని కోయను. ఒకసారి కోసిన ఉక్కు మళ్ళీ రాదు. అదే చెవికి సరిపోయే లోహపు సింప్లెక్స్ వెతుకుతాను. సూపర్ ఎల్‌జే అని వాళ్ళదే మంచి రకం ఉంది, ఆ రెండు అక్షరాలూ లూసియాన్ జ్వీ పేరువే. లేదంటే పగుళ్ళు లేని ఇంకో ప్రెస్టీజ్. ఫ్రాన్స్‌లో పాత సామాన్ల సంతల్లో, సొంతంగా రిపేర్ చేసుకునే సైకిల్ వర్క్‌షాపుల డబ్బాల్లో ఇవి ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. వాడిన ప్లాస్టిక్ డెరెయిలర్ కొనేటప్పుడు పైన చెప్పిన బొటనవేలి పరీక్ష అక్కడే చేయండి.

కొనే ముందు ఒక లెక్క వేయండి. నా సైకిల్‌కి ముందు 52, 36 పళ్ళు, వెనక 14 నుంచి 28. ముందు తేడా 16, వెనక తేడా 14, కలిపితే 30. డెరెయిలర్ సర్దుకోగలిగిన చైన్ వదులు అంతకన్నా తక్కువైతే చిన్న చక్రాల మీద చైన్ వేలాడుతుంది.

5. ముందు డెరెయిలర్

ప్రెస్టీజ్ ముందు డెరెయిలర్‌లో పట్టీ కూడా ప్లాస్టిక్కే. దాని బోల్టు నేను బిగిస్తుంటే ఇంకాస్త అనిపించి తిప్పాను. టక్ మని ఒక చిన్న చప్పుడు. పట్టీ బోల్టు రంధ్రం దగ్గర నిలువునా చీలింది. యాభై ఏళ్ళు నిలిచిన వస్తువు నా చేతిలో పోయిందని చాలా రోజులు బాధగా ఉండేది. డెరెయిలర్ చేత్తో తిప్పితే జారకుండా ఉంటే చాలు, అక్కడితో ఆపేయండి.

పగిలితే లోహపు పట్టీ ఉన్నది కొనండి. అది 28.6 కొలతకి వస్తుంది, మీ గొట్టం 28. అడ్డకొలతలో తేడా 0.6, అంటే చుట్టూ 0.3 మి.మీ. సందు. కూల్‌డ్రింక్ డబ్బా రేకు మందం సుమారు 0.1 మి.మీ. పట్టీ వెడల్పున ఆ రేకుని కత్తిరించి, అంచులు ఎమెరీతో నున్నగా చేసి, మూడు చుట్లు చుడితే సందు సరిగ్గా నిండుతుంది. కాలిపర్‌తో మీ డబ్బా రేకుని కొలిచి చుట్లు లెక్క వేసుకోండి. వేళ్ళు కోసుకోకుండా గ్లోవ్స్ వేసుకోండి.

బయటి రేకు పెద్ద చక్రం పళ్ళకి పైన 2 మి.మీ. ఎత్తులో, పై నుంచి చూస్తే చక్రానికి సమాంతరంగా ఉండాలి. చైన్ చిన్నదాని మీద ఉన్నప్పుడు లోపలికి పడకుండా ఒక స్క్రూ, పెద్దదాని మీద ఉన్నప్పుడు బయటికి పడకుండా ఇంకో స్క్రూ సర్దండి. పాత వాటిలో స్ప్రింగ్ ఏ వైపు తోస్తుందో కంపెనీని బట్టి మారుతుంది. కాబట్టి వైరు వదులు చేసి డెరెయిలర్ తానే ఏ వైపు వెళ్తుందో చూశాకే వైరు బిగించండి.

6. ఫ్రీవీల్

వెనక పళ్ళు అరిగాయో లేదో కొత్త చైన్ వేసి ఎత్తు ఎక్కితే తెలుస్తుంది. ఒక్కో పన్ను మీద నుంచి చైన్ దూకుతుంటే ఫ్రీవీల్ మార్చాలి.

తీయడానికి మీ ఫ్రీవీల్‌కి సరిపోయే విప్పే పనిముట్టే కావాలి. ఆటమ్, మయార్ లాంటి ఫ్రెంచ్ వాటిలో లోపల సన్న పళ్ళు ఉండే రకం ఉంది, రెండు గాడులే ఉండే రకమూ ఉంది. లోపలికి తొంగి చూసి, గాడుల లెక్క పెట్టి కొనండి. కొన్నింటికి ఆ పనిముట్టు లోపలికి దిగాలంటే ముందు ఇరుసు మీది నట్టు, వాషర్ తీయాలి. పనిముట్టుని గాడుల్లో కూర్చోబెట్టి, చక్రం నట్టుతోనే పై నుంచి బిగించి పట్టండి, లేకపోతే గాడులు చెడిపోతాయి, ఆ తర్వాత విప్పే దారి ఉండదు. పనిముట్టుని బెంచి వైస్‌లో బిగించి, చక్రాన్ని లారీ స్టీరింగ్‌లా రెండు చేతులా పట్టుకుని అపసవ్యంగా తిప్పండి. ఎన్నో ఏళ్ళ తొక్కుడుతో అది బిగుసుకుపోయి ఉంటుంది. ఒక్కసారి కదలగానే ఆపి, పై నట్టుని వదులు చేసి, అప్పుడు మిగతాది విప్పండి. నట్టు తీయకుండా తిప్పుతూ పోతే ఇరుసు మీద భారం పడుతుంది.

ఇప్పుడు అసలు ప్రమాదం. ఫ్రెంచ్ హబ్, అంటే ఫ్రీవీల్ ఎక్కే చక్రం మధ్య భాగం, దాని మర 34.7 మి.మీ. లావు, 1 మి.మీ. అడుగు. ఇప్పుడు దొరికే ఫ్రీవీళ్ళు దాదాపు అన్నీ ఇంగ్లిష్ మరవి: 1.37 అంగుళాలు, అంటే సుమారు 34.8, అంగుళానికి 24 మరలు. ఇంగ్లిష్ ఫ్రీవీల్‌ని ఫ్రెంచ్ హబ్ మీద పెడితే ఎక్కుతుంది. హాయిగా ఎక్కుతుంది, అందుకే మోసపోతాం. నాకు ఒక షాపులో అలాగే బిగించి ఇచ్చారు. రెండో రోజు ఎత్తు ఎక్కుతుంటే పెడల్ ఒక్కసారిగా ఖాళీగా తిరిగిపోయింది. విప్పి చూస్తే హబ్ మరలు మెలికలు తిరిగిన అల్యూమినియం తునకలుగా రాలాయి. ఆ హబ్ ఇక పనికిరాలేదు.

కాలిపర్ ఒక్కటే నమ్మకండి. పాత మరలు అరిగి ఉంటాయి, తేడా 0.1 మి.మీ. మాత్రమే. మర కొలిచే దువ్వెన లాంటి గేజి పెట్టి చూడండి. ఫ్రెంచ్ మర అడుగు 1.00 మి.మీ., ఇంగ్లిష్ 1.06. ఆ పళ్ళు మరల్లో సందు లేకుండా కూర్చుంటే అదే మీ మర. దీపం వెనక పెట్టి చూస్తే సందులోంచి వెలుతురు కనపడుతుంది, సరైనదైతే కనపడదు.

ఫ్రెంచ్ మర అయితే రెండు దారులు. పాత మయార్ లేదా ఆటమ్ ఫ్రెంచ్ మర ఫ్రీవీల్ వాడినది వెతికి, వైట్ స్పిరిట్‌లో నానబెట్టి, సన్నటి నూనె వేసి వాడుకోవడం. లేదా ఇంగ్లిష్ మర హబ్ ఉన్న వెనక చక్రమే మార్చడం. నేను రెండోది చేశాను. అలా చేస్తే హబ్ వెడల్పు (ఐదు చక్రాలకి 120 మి.మీ., ఆరు చక్రాలకి 126), రిమ్ కొలత పాతదానితో సరిపోవాలి. ఫ్రెంచ్ సైకిళ్ళలో 700సీ అనే చక్రం కొలత ఉంటుంది, 650బీ కూడా ఉంటుంది. 700సీ రిమ్ 622, 650బీ రిమ్ 584 మి.మీ. తేడా వస్తే బ్రేక్ దిమ్మెలు రిమ్‌కి అందవు.

ఎక్కించేటప్పుడు మరలకి గ్రీజు పూసి వేళ్ళతోనే మొదలుపెట్టండి. మూడు, నాలుగు చుట్లు వేళ్ళ బలంతోనే వెళ్ళాలి. మధ్యలో మొరాయిస్తే వెనక్కి తీయండి.

7. సర్దుబాటు

వైరు విప్పి ఉంచే ఈ పని మొదలుపెట్టండి. చైన్ వెనక చిన్న చక్రం మీద ఉండాలి. డెరెయిలర్‌కి ఉన్న రెండు స్క్రూల్లో ఏది దేనికో పాత ఫ్రెంచ్ వాటిలో వెంటనే తెలియదు. ఒక దాన్ని అర చుట్టు తిప్పి పంజరం కదిలిందా చూడండి. కదిలితే చిన్న చక్రం వైపు హద్దు అదే. వెనక నుంచి చూస్తే పై కప్పీ చిన్న చక్రం కిందే నిలువుగా ఉండేలా సర్దండి. తర్వాత లివర్ పూర్తిగా ముందుకి పెట్టి, వైరు చేత్తో లాగి బిగించండి.

పెడల్ చేత్తో తిప్పుతూ లివర్ లాగి పెద్ద చక్రం మీదకి వేయండి. రెండో స్క్రూతో హద్దు ఎక్కడ పెట్టాలంటే, లివర్‌ని ఇంకా లాగినా కప్పీల పంజరం పుల్లలకి తగలకూడదు. ఈ ఒక్క పనిలో మాత్రం అందాజా పనికిరాదు. చక్రం తిప్పుతూ, పంజరానికీ పుల్లలకీ మధ్య వేలు పట్టేంత కాకపోయినా స్పష్టంగా ఖాళీ కనపడాలి.

తర్వాత రోడ్డు మీదకి తీసుకెళ్ళండి. మొదట చదునుగా ఉన్న చోట ఐదు గేర్లూ పైకీ కిందికీ వేయండి. లివర్ జరిపి చైన్ ఎక్కాక గరగరమని చప్పుడొస్తే, చప్పుడు ఆగేదాకా లివర్‌ని వెంట్రుకవాసి వెనక్కి తీసుకురండి. రాపిడి లివర్‌తో తొక్కడమంటే ఇదే, రెండు రోజుల్లో చెవే చెప్పేస్తుంది. గేరు మార్చే క్షణంలో కాళ్ళ బలం తగ్గించండి, తొక్కడం ఆపకండి.

కొత్త వైరు మొదటి వారంలో కొద్దిగా సాగుతుంది. అప్పుడు లివర్ పూర్తిగా వెనక్కి లాగినా పెద్ద చక్రం అందదు. లివర్ ముందుకి పెట్టి, వైరుని మళ్ళీ లాగి బిగించండి. లివర్ స్క్రూని అప్పుడే ఇంకోసారి పట్టి చూడండి.